కొసరు

"ఈ తొట్టిలో వేడినీళ్ళు పోసిందెవరు?"

మరకలమ్మ కేక ఆసుపత్రి నేలమాళిగ అంతా మోగింది. ఉతుకుడు యంత్రాల రొద కూడా ఆ గొంతు ముందు చిన్నబోయింది. ఆమె చేతులు మోచేతులదాకా ముంచి, ఆపరేషను గది నుంచి వచ్చిన దుప్పటిని బయటికి లాగింది. మధ్యలో అరచేయంత మేర గోధుమరంగు తేలి కూర్చుంది. చన్నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి నానబెడితే ఏ తగాదా లేకుండా వదిలిపోయే రక్తం అది. వేడి తగిలితే మాత్రం బిగుసుకుంటుంది. ఇక ఆ దుప్పటి చిరిగి పేలికలయ్యేదాకా మరక దాంతోనే కాపురం చేస్తుంది.

"రాత్రి డ్యూటీవాళ్ళు చూసుకోకుండా పోసుంటారక్కా," అన్నాడు మిషనాయన. పెద్ద యంత్రాలు నడిపేది అతనే. సగం జీవితం వాటి పక్కనే గడిచిపోవడంతో, ఎదుట మనిషి ఉన్నా కేకలేసి మాట్లాడటం అలవాటైపోయింది.

"చూసుకోకుండా! కొంపలన్నీ మునిగేది ఆ చూసుకోకపోవడం వల్లే."

"పొద్దున్నే ఎందుకే అంత మంట? నువ్వూ ఆ మరకా ఒకటే. వేడెక్కితే ఇక వదలరు."

మామూలు రోజైతే తడిగుడ్డ ఒకటి అతని మీదికి వచ్చి పడేది. అతను తప్పుకుని నవ్వేవాడు. ఈ పూట ఆమె విసరలేదు. ఇస్త్రీ బల్ల పక్కన మేకుకు వేలాడుతున్న తెల్ల అంగీ వంక ఒకసారి చూసి, మొహం తిప్పుకుని ఇంకో మూట విప్పింది.

ఆమె పొట్టి మనిషి. ఎప్పుడూ నీళ్ళలో నానే చేతులు ముడతలు పడి, వేళ్ళ సందులు పాసి ఉండేవి. గోళ్ళు మాత్రం ఎంత తెల్లగా ఉండేవంటే, పై అంతస్తుల్లో నర్సులకు కూడా అంత శుభ్రమైన గోళ్ళు లేవని మిషనాయన అనేవాడు. మరకలు వదిలించే పని కాబట్టి మరకలమ్మ అయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. కొడుకు పోయాడు. ఆ దిగులుతో ఏడాది తిరక్కుండానే మొగుడూ పోయాడు. పనికి ఎప్పుడూ వెనక గేటు నుంచే వచ్చేది. ముందు గేటు నుంచి వస్తే దగ్గర. అయినా కొడుకు పోయినప్పటి నుంచి ఆ గేటు మొహం చూడలేదు. చుట్టూ తిరిగే వచ్చేది.

ఆ అంగీ ఆసుపత్రిది కాదు, ప్రార్థన మందిరానిది. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు దాన్ని తొడుక్కుని మందిరం వెనకున్న తొట్టిలోకి దిగుతారు. పాస్టరుగారు వాళ్ళను నీళ్ళలో ముంచి లేపుతారు. పాత మనిషి మునిగిపోయి కొత్త మనిషి లేచినట్టు లెక్క. ఆ అంగీలన్నీ ఏళ్ళ తరబడి ఆమే ఉతికి పెడుతోంది, దేవుడి పని అని. ఎవరు తొడుక్కుంటారని ఏనాడూ అడగలేదు. ఈసారి అడక్కుండానే చెప్పారు. ఈ సాయంత్రం దాన్ని తొడుక్కోబోయేది తప్పతాగి లారీ నడిపి ఆమె కొడుకుని గుద్ది చంపినవాడు.

మందిరంలో అతన్ని సాక్ష్యం బ్రదర్ అంటారు. జైల్లో మారాడట. విడుదలై వచ్చాక ఏ సభ పెట్టినా అతని సాక్ష్యం ఉండి తీరాల్సిందే. ఎలా తాగేవాడో చెప్పి నవ్విస్తాడు, ఎలా గుద్దాడో చెప్పి ఏడిపిస్తాడు, ప్రభువు ఎలా పట్టుకున్నాడో చెప్పి చప్పట్లు కొట్టిస్తాడు. "నాకు విడుదల దొరికింది!" అని రెండు చేతులూ ఎత్తుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా మరకలమ్మ ఒళ్ళు మండేది. ఇతగాడికి విడుదల ఒకసారి జైలరు ఇచ్చాడు, ఇంకోసారి దేవుడిచ్చాడు. నా కొడుక్కి మాత్రం ఒక్క విడుదలా లేదు, ఆదివారం ఆదివారం వచ్చి ఇతని కథలో ఇతని బండి కింద పడాల్సిందే. అది వినలేక ఆమె వెనక బెంచీకి మారింది. తర్వాత తలుపు పక్క బెంచీకి మారింది. మందిరం మాత్రం మానలేదు. వాడి కోసం నేనెందుకు మానాలి అన్నది ఆమె పంతం.

పది గంటలవేళ పాస్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. మంచి మనిషి. ఎవరింట్లో చావైనా వంట చేసి పంపే చెయ్యి ఆమెది. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే పైటకొంగుతో తుడుచుకుంటూ బల్ల దగ్గర నిలబడింది.

"ఇస్త్రీ అయిందా అమ్మా?"

"అవుతుంది అమ్మగారూ."

"సాయంత్రం మీరు ముందుకొచ్చి మీ చేత్తో ఆ బ్రదర్‌కి ఇస్తే చాలు. మాట్లాడాలనిపిస్తే, క్షమించాను అని ఒక్క మాట. అంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదమ్మా."

సాక్ష్యం! కోర్టులోనూ ఆమెను అదే అడిగారు. బోనెక్కించి, నువ్వేం చూశావో చెప్పమన్నారు. నేనేమీ చూడలేదు బాబూ, నేను కింద బట్టలుతుకుతున్నాను అంది. అయితే నీ సాక్ష్యం పనికిరాదన్నాడు అవతలి వకీలు. చూడనిది చెప్పనన్నందుకు ఆమె పనికిరానిదైంది. చేసినవాడేమో ఇప్పుడు ఊరూరా తిరిగి సాక్ష్యం చెబుతున్నాడు.

"మీ అబ్బాయి చావు వృథా పోలేదమ్మా," పాస్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఆ చావు వల్లే కదా ఒక ఆత్మకి విమోచన దొరికింది."

మరకలమ్మ ఇస్త్రీపెట్టెను నిటారుగా నిలబెట్టింది.

"అమ్మగారూ, విమోచనకి వెల కట్టిందెవరు?"

"దేవుడే గదమ్మా. తన కుమారుణ్ణి ఇచ్చాడు."

"ఆయన కొడుకుని ఆయనే ఇచ్చుకున్నాడు. నా కొడుకుని నేనివ్వలేదు. ఇస్తావా అని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క కొడుకు వెల చాలిందనే కదా నేను పుట్టినప్పటి నుంచి మీరు చెబుతున్నది? చాలితే మరి నా కొడుకెందుకు? కొసరా?"

పాస్టరమ్మ చెయ్యి భుజం మీదే ఉండిపోయింది. తీయాలో ఉంచాలో ఆమెకు తెలియలేదు.

"కూరగాయలు తూచి, పైన ఇంకో కాయ పడేసినట్టు, నా బిడ్డను కొసరు వేశారు. అసలు కంటే ఆ కొసరే ముద్దయింది మీ అందరికీ. సిలువ గురించి చెబితే కునికిపాట్లు పడతారు, లారీ గురించి చెబితే లేచి కూర్చుంటారు."

"అలా అనకూడదమ్మా," అంది పాస్టరమ్మ మెల్లగా. కాసేపు అంగీ అంచు సవరించి, "అయ్యగారితో చెబుతాను," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మరకలమ్మ మళ్ళీ మూటలకు వెళ్ళింది. పై అంతస్తుల నుంచి మాసిన బట్టలు ఒక రేకు గొట్టంలో జారి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడతాయి. ఏ వార్డు బట్ట ఆ వార్డుకు చేరాలంటే గుర్తుండాలి. అందుకని ప్రతి బట్ట లోపలా రంగుదారంతో కుట్లు వేస్తారు, పిల్లల వార్డుకు నీలం, కాన్పుల వార్డుకు పసుపు. ఆ అలవాటు ఇంటికీ పాకింది. ఇంట్లో బట్టలకూ గుర్తులు పెట్టేది. కొడుకువి ఎర్రదారంతో మూడు కుట్లు, చివర ముడి.

"ఇంట్లో ఉన్నదే ముగ్గురం. నా చొక్కా నాన్నకి పట్టదు, నాన్న చొక్కాలో నాలాంటివాళ్ళిద్దరు పడతారు. మళ్ళీ గుర్తెందుకే అమ్మా?" అని వెక్కిరించేవాడు.

"ఎవరిదేదో తెలియాలిరా. ఉతికేదాన్ని నేను, నన్నడుగు."

పదిహేడేళ్ళవాడు. వచ్చీరాని మీసాన్ని రోజుకోసారి అద్దంలో పలకరించేవాడు. ఆ రోజు సాయంత్రం వాన పట్టుకుంటే, అమ్మ తడుస్తుందని గొడుగు పట్టుకుని బయల్దేరాడు. ఆమె ఇక్కడే ఉంది. గొట్టంలోంచి ఒక మూట జారిపడింది. ఎప్పటిలాగే విప్పింది. రక్తంలో ముద్దయిన దుప్పటి, దాంతోపాటు కత్తిరించి తీసిన చొక్కా. ఎవరి బిడ్డో పాపం అనుకుంది. చన్నీళ్ళ తొట్టిలో వేసి, ఉప్పు చల్లి, గుర్తు చూద్దామని మెడపట్టీ తిప్పింది. మూడు కుట్లు, చివర ముడి.

అంత రక్తంలోనూ ఆ ఎర్రదారం తెలిసింది ఆమెకు. పైకి పరిగెత్తేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక వెనక తలుపు దగ్గర నీడ పడింది. ఆమె వంచిన తల ఎత్తకుండానే అది సాక్ష్యం బ్రదరని గుర్తుపట్టింది. లైసెన్సు పోయాక అతను తోపుడుబండి మీద పాత డబ్బాలు మోస్తున్నాడు. ఒకప్పుడు గుమ్మానికి సరిపోయేంత మనిషట. ఇప్పుడు భుజాలు జారిపోయి, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. సభల్లో దూరం నుంచి తప్ప ఇంత దగ్గర్నుంచి ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా..."

"అలా పిలవకు. అలా పిలిచేవాణ్ణి తీసేశావుగా."

అతను గడప బయటే ఆగిపోయాడు. "అయ్యగారు పంపలేదండీ. నేనే వచ్చాను. మీరు వద్దంటే నేనివాళ నీళ్ళలోకి దిగను. అది చెబుదామని."

ఆమెకు కోపం వచ్చింది. పొద్దుట్నుంచి ఉన్నదంతా దీని ముందు దిగదుడుపే.

"బాగుందయ్యా నీ బేరం! చంపేటప్పుడు నన్నడిగావా? మునిగేటప్పుడు అడుగుతున్నావు. నేను సరేనంటే, తల్లే క్షమించిందని చెప్పుకుంటావు. వద్దంటే, నీ ఆత్మ నా వల్ల నరకానికి పోయిందంటారు. చేసింది నువ్వు, మొయ్యాల్సింది నేను!"

"లేదండీ, నేనలా..."

"ఉండు. ఇన్నాళ్ళకి దొరికావు. ఆ పిల్లాడు అక్కడికక్కడే పోయాడని చెబుతావే ప్రతి సభలోనూ, నీకెవరు చెప్పారు?"

యంత్రం ఒకటి తిరిగి తిరిగి ఆగింది.

"పైకి తెచ్చేసరికి ఊపిరి ఉందన్నాడు డాక్టరు," అంది ఆమె. "ఇంకొంచెం ముందు తెచ్చుంటే అన్నాడు."

"తెలుసండీ." అతను గోడకు చెయ్యి ఆనించాడు. "నేను బండి దిగాను. కోర్టులో దిగలేదని చెప్పాను. దిగాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. నా ప్యాంటు పట్టుకున్నాడు."

ఆమె చేతిలో సగం పిండిన దుప్పటి ఉంది. అందులోంచి నీళ్ళు ఆమె కాళ్ళ మీద కారుతున్నాయి.

"ఏమన్నా అన్నాడా?" అడిగింది. ఇన్నేళ్ళుగా రోజూ లేవగానే గోడను అడుగుతున్న ప్రశ్న అది.

"గేటు వైపు చెయ్యి చూపించి, మా అమ్మ లోపల పనిచేస్తుంది, కొంచెం పిలవండి అన్నాడు."

"పిలిచావా?"

"లేదండీ. కాలు విదిలించుకుని బండెక్కాను."

ఆ తడి దుప్పటి అతని మొహం మీద పడ్డ చప్పుడుకి మిషనాయన తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి ఆమె రెండోసారి కొట్టింది, మూడోసారి కొట్టింది. మెలితిప్పిన తడిబట్ట కర్రలా తగులుతుంది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల కూడా తిప్పుకోలేదు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. మిషనాయన ఆమె మోచెయ్యి పట్టుకుని, "అక్కా, చచ్చిపోతాడే," అన్నాడు.

"చావడు! వీడు చావడు. వీడు కొత్తగా పుడతాడు!" ఆమె మోచెయ్యి విదిలించుకుంది. "ఇరవై అడుగులురా! ఇరవై అడుగుల్లో ఉన్నానురా నేను! ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కదరా!"

దుప్పటి జారి నేల మీద పడింది. చాలాసేపు ఆమె రొప్పుతూ నిలబడింది. అతను కదల్లేదు.

"ఈ మాట ఎక్కడన్నా చెప్పావా?"

"లేదండీ. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక నన్నెవరూ..." ఆగిపోయాడు. చప్పట్లు కొట్టరు అనబోయి ఆగాడని ఆమెకు అర్థమైంది.

"నా చెవిలో చెప్పుకుని తేలికపడదామని వచ్చావా? అక్కడ చెప్పు, అందరి ముందూ. చెప్పి, అప్పుడు మునుగు. చెప్పకుండా మునిగితే తడిసి వస్తావు, అంతే."

"మీరు నన్ను క్షమిస్తారా?"

"నా దగ్గర లేదు. ఉన్నచోట అడుక్కో. నన్నిక ఆ మాట అడగొద్దు, నువ్వూ అడగొద్దు, వాళ్ళనీ అడగనివ్వొద్దు." ఆమె పక్కనున్న శుభ్రమైన గుడ్డముక్క తీసి అతని వైపు విసిరింది. "పెదవి తుడుచుకో. చన్నీళ్ళతో."

అతను వెళ్ళాక మిషనాయన గోనెగుడ్డ అందుకున్నాడు. నేల తుడిచాడు. ఆమె అంగీని మేకు మీంచి దించి ఇస్త్రీ చేసింది. చేతులు, పక్కలు, అంచు, ఒక్క మడత కూడా లేకుండా. పాడు చేద్దామన్న ఆలోచన రాకపోలేదు. ఇస్త్రీపెట్టెను కాసేపు అలా వదిలేస్తే చాలు, వీపున త్రికోణపు మచ్చ పడుతుంది. కానీ బట్ట ఏం పాపం చేసింది?

ఇస్త్రీ అయ్యాక దారాల డబ్బా తెచ్చుకుని కూర్చుంది. మెడపట్టీ లోపల, ఎర్రదారంతో, ఒక కుట్టు. రెండో కుట్టు. మూడోది. చివర ముడి వేసి దారాన్ని పంటితో తెంపింది.

"మందిరం బట్టలకి గుర్తు లేదుగా?" అన్నాడు మిషనాయన.

"ఇప్పుడుంది."

సాయంత్రం మందిరం నిండింది. పాస్టరుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఆమె అంగీని ఆయన చేతుల్లో పెట్టింది. ముసలాయన దాన్ని గుండెకు ఆనించుకుని, గొంతు తగ్గించి, "మీరన్న మాట మా ఆవిడ చెప్పిందమ్మా. రోజంతా ఆలోచించాను. నా దగ్గర జవాబు లేదు. మీ అబ్బాయిని నేను ఇంకెప్పుడూ ఒకరి విమోచనకి వెలగా చెప్పను. మిమ్మల్ని ముందుకీ పిలవను," అన్నారు. ఆమె తల ఊపి తలుపు పక్క బెంచీలో కూర్చుంది. ఆయన మీద కూడా కోపంగానే ఉంది. ఇన్నాళ్ళూ ఆలోచించకుండా ఏం చేశారట?

అతను తెల్ల అంగీలో ముందుకొచ్చాడు. పెదవి వాచి ఉంది. జనం సర్దుకుని కూర్చున్నారు, తాగుడు కథ కోసం నవ్వులు సిద్ధం చేసుకుని. అతను మైకు పట్టుకున్నాడు.

"నేను మీకు చెప్పిన సాక్ష్యం అబద్ధం," అన్నాడు. "ఆ అబ్బాయి అక్కడికక్కడే పోలేదు. నేను బండి దిగి చూశాను. బతికే ఉన్నాడు. నన్ను పట్టుకుని, మా అమ్మ లోపల ఉంది, పిలవండి అన్నాడు. నేను విదిలించుకుని పారిపోయాను. పిలిచుంటే బతికేవాడేమో. నేను పిలవలేదు."

ముందు వరుసలో ఒకావిడ అలవాటుకొద్దీ "హల్లెలూ..." అని మొదలుపెట్టి సగంలో మింగేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఎవరో "ఛీ" అన్నారు. కొందరు లేచి నిలబడ్డారు. అతను ఆ జనం మీదుగా, తలుపు పక్క బెంచీ వైపు చూశాడు.

"అమ్మా, మీ అబ్బాయి పిలుస్తున్నాడు."

ఆమె లేచింది. పిలుపు విన్న తల్లి ఎలా లేస్తుందో అలాగే లేచింది, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి. "వస్తున్నా నాన్నా," అంది. పక్కావిడకు తప్ప ఎవరికీ వినపడలేదు. తలుపు తీసుకుని బయటికి నడిచింది. వెనక ఎవరో పిలిచినా తిరిగి చూడలేదు.

ఈసారి చుట్టూ తిరగలేదు. ఇన్నేళ్ళుగా తప్పించుకున్న దారినే ఆసుపత్రి ముందు గేటుకి వెళ్ళింది. రోడ్డు పక్కన, కాపలావాడి కుర్చీకి కొంచెం అవతల, కొడుకు పడిన చోట నేల మీద కూర్చుంది. కాపలావాడు గుర్తుపట్టి, ఏమైందమ్మా అని అడిగాడు. "ఏం లేదు బాబూ, పిలిస్తే వచ్చాను," అని నేల మీద అరచెయ్యి ఆనించింది. కోపం ఇంకా ఉంది. అది పోతుందని ఆమె అనుకోలేదు, పోవాలనీ అనుకోలేదు. దాని పక్కనే ఇప్పుడు కొడుకు ఆఖరి మాట కూడా ఉంది. ఆ పూట ఆమె వాడి దగ్గరే కూర్చుంది. మందిరానికి తిరిగి వెళ్ళలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు.

మందిరంలో సగం మంది వెళ్ళిపోయాక, పాస్టరుగారు అతన్ని నీళ్ళలో ముంచి లేపారు. పాట లేదు. అతను ఏడుస్తూ తొట్టి మెట్లెక్కి, మారుబట్టలు కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తోపుడుబండి తోసుకుంటూ పోయాడు. పాస్టరమ్మ అంగీని పిండుతూ మెడపట్టీ లోపల ఏదో తగిలి తిప్పి చూసింది. దారం పోగేమోనని గోటితో లాగింది. ముడి రాలేదు. కాసేపు దాన్నే చూసి, వదిలేసి, అంగీని వరండా కమ్మీ మీద ఆరేసింది. తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోయాయి. తెల్లటి మెడపట్టీ మీద మూడు కుట్లూ ఎర్రగా అలాగే ఉన్నాయి, రంగు చుక్క కూడా దిగలేదు.